కమానెక్కిన చరిత్ర గది ఖాళీ చేయాలట!

నల్లగొండ శివారు కాలనీలో స్థానిక చరిత్ర సమితి కాగితాలు దాచుకున్న గదిని పది రోజుల్లో ఖాళీ చేయాలని నోటీసు అంటించారు. అందులో ఇక విరిగిన కుర్చీలు, ఫ్లెక్సీ ఫ్రేములు పెడతారట. రిటైరైన టీచర్లు, నలుగురైదుగురు కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగి పోగేసిన ట్రంకుపెట్టెలు ఎక్కడికి పోవాలో నోటీసులో ఒక్క ముక్క లేదు.

ఇదే పట్నంలో మైకు దొరికితే చాలు, ప్రతి పెద్దమనిషికీ చరిత్ర పూనుతుంది. ఊరి పక్కనే, ఒకప్పుడు కందూరు చోడ రాజులేలిన పానగల్లు మాదంటారు. ఉదయసముద్రం చెరువు మాదంటారు. అక్కడి గుడిలో ఛాయా సోమేశ్వరుడి లింగం మీద పడే నీడ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. కమాను మీద చరిత్ర ముద్దు, గదిలో ఉంటే అడ్డు!

నోటీసు రాసినవారు ఆ పెట్టెలు తెరిచి చూశారా? శాసనాల మీద తడి కాగితం పరిచి, సిరా అద్ది తీసిన అచ్చులున్నాయి. నిజాం జమానా ఉర్దూ రసీదులు, పాత శుభలేఖలు, ఇప్పుడు లేని ముసలివాళ్ల మాటల క్యాసెట్లు ఉన్నాయి. ఏ భూమి ఎవరిదో, ఎలాంటిదో రాసిన 1954-55 ఖాస్రా పహాణీల నకళ్లూ ఉన్నాయి. ఇవాళ వెంచర్లని పిలుస్తున్న చోట ఒకప్పుడు కుంటలుండేవని, ఒకదాని అలుగు పారి ఇంకోదాంట్లో పడేదని చెప్పేది ఆ కాగితాలే. వానొస్తే ఇళ్లలోకి నీళ్లెందుకొస్తున్నాయని అడిగే కాలనీవాళ్లకు జవాబు అక్కడే దొరుకుతుంది. ఆ జవాబు కొందరికి నచ్చదు, అది వేరే సంగతి.

నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనం బయటపడ్డాకే రాణి రుద్రమ 1289లో మరణించిందని తేలింది. అంతకుముందు పుస్తకాలు ఆమె ఇంకొన్నేళ్లు ఏలిందనే రాశాయి. ఆ రాయి ఏ బావిగట్టులోనో కలిసిపోయి ఉంటే, ఇవాళ దండలేస్తున్న విగ్రహాల కింద ఏ సంవత్సరం చెక్కించేవారు?

గది సర్కారుది, అవసరాలు పెరిగాయి, అన్నీ స్కాన్ చేసుకోవచ్చు కదా అనే వాదనా ఉంది. సరే, స్కానర్ ఎవరిచ్చారు? పానగల్లులో మ్యూజియం ఉందనేవారికీ ఒక మాట: అక్కడ శిల్పాలకు చోటుంది, పహాణీలకూ శుభలేఖలకూ కాదు. ఉర్దూ రాజభాషగా ఉన్న రోజుల్లో, 1922లోనే, 'నీలగిరి' పేరుతో తెలుగు పత్రిక తెచ్చిన పట్నమిది. ఆ గొప్ప కూడా వేదికల మీద వినిపిస్తూనే ఉంటుంది. కాగితం పేరు చెప్పి పొంగిపోయేదీ మనమే, కాగితాల పెట్టెను రోడ్డు మీద పెట్టేదీ మనమేనా?

నోటీసు వెనక్కి తీసుకోండి. లేదా ముందు వేరే గది చూపించి, తాళంచెవి చేతికిచ్చి, అప్పుడు ఖాళీ చేయమనండి. రెండూ చేతకాకపోతే వచ్చే జూన్ 2న మైకు పట్టుకుని పానగల్లు పేరెత్తకండి. ఆ పెట్టెలు మోసినవాళ్లు ముందు వరసలోనే కూర్చుంటారు.