అంకుల్‌ను వదిలేయండి, ‘రండి’ సంగతి చూడండి

బెంగళూరులో నాలుగు తెలుగు కుటుంబాలు కలిసిన చోట పిల్లల పిలుపుల మీద చర్చ తలెత్తక మానదు. నాన్న స్నేహితుణ్ని బాబాయి అనాలా, మామయ్య అనాలా, పేరు చివర గారు చేర్చాలా అన్న ఈ వాదనలో చివరికి దోషిగా తేలేది ‘అంకుల్–ఆంటీ’యే. ఆ తీర్పు తప్పని నా అభిప్రాయం. పిల్లల మాటలో మర్యాద తగ్గిందన్నది నిజమే. అయితే అది పిలుపులో పోలేదు, పిలుపు తర్వాత వచ్చే క్రియలో పోయింది.

అంకుల్ ఈ నగరంలో ఊరికే స్థిరపడలేదు. మన వరసలు వయసును మాత్రమే చెప్పేవి కావు, పెళ్లి సంబంధాల లెక్కను కూడా మోసేవి. బాబాయి పిల్లలు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అవుతారు, మేనమామ పిల్లలు బావామరదళ్లవుతారు. 1871లో అమెరికా మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గన్ బంధుత్వ పదాలను పట్టికలకెక్కించినప్పుడు తమిళ, తెలుగు, కన్నడ వరసలకు కూడా అందులో చోటిచ్చారు. ఇంత బరువున్న మాటను పై అంతస్తు పొరుగువారికి తగిలించేముందు పెద్దలు మనసులో కులం లెక్క వేసుకుంటారు, పైకి మాత్రం ఒప్పుకోరు. మనవాళ్లయితే మామయ్య, కాకపోతే అంకుల్ అన్న ఏర్పాటు చాలా ఇళ్లలో చడీచప్పుడు లేకుండా నడుస్తోంది. పైగా కోస్తావారి బాబాయి అనంతపురం వారికి చిన్నాయన, తెలంగాణలో చాలాచోట్ల కాక. మారతహళ్లి అపార్ట్‌మెంటులో ఈ మూడు ఇళ్లూ ఒకే వరండాలోకి తలుపులు తెరిచినప్పుడు, కులమూ ప్రాంతమూ అడగని అంకుల్ నెగ్గడంలో వింతేముంది?

అసలు నష్టం వేరేచోట ఉంది. ఇంటికి వచ్చిన పెద్దాయనతో ఎనిమిదేళ్ల పిల్ల “అంకుల్, లోపలికి రా, కూర్చో, నాన్న వస్తాడు” అంటుంది. అది పొగరు కాదు, తనకు వచ్చిన తెలుగు అంతే. పిల్లలకు భాష రెండు దారుల్లో అందుతుంది: తమతో మాట్లాడే మాటల నుంచి కొంత, పెద్దలు తమలో తాము మాట్లాడుకుంటుండగా చెవిన పడే మాటల నుంచి కొంత. రా, తిను, పడుకో, పద అన్నవి మొదటి దారిలో వస్తాయి, ఎందుకంటే పసిపిల్లలను రండి, తినండి అని పిలిచేవారు అరుదు. “రండి, కూర్చోండి, భోజనం చేశారా” అన్నవి మాత్రం రెండో దారిలోనే రావాలి. అమ్మ తన మామగారితోనూ, నాన్న ఎదురింటి పెద్దాయనతోనూ మాట్లాడుతుంటే పక్కన ఆడుకుంటూ వినడం వల్లే పాత ఇళ్లలో పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే ‘అండి’ పట్టుబడింది. బెంగళూరు ఫ్లాటులో ఆ దారి మూసుకుపోయింది. దంపతులిద్దరూ ఒకరినొకరు నువ్వు అనుకుంటారు (అందులో నాకు కనిపించిన తప్పేమీ లేదు), స్నేహితులు వస్తే మాట ఇంగ్లీషులోకి జారుతుంది, తాతయ్యగారు సెలవుల్లో తప్ప ఫోను తెర మీదే కనిపిస్తారు. మీరు అన్న మాట వినడానికే నోచుకోని పిల్ల దాన్ని ఎక్కణ్నుంచి తెచ్చి పలుకుతుంది?

ఇందుకు రుజువు బడిలోనే దొరుకుతుంది. 2015 నాటి కర్ణాటక చట్టం బడుల్లో కన్నడ బోధనను తప్పనిసరి చేసింది. మన నువ్వు–మీరు లాగే కన్నడంలోనూ నీను–నీవు భేదం ఉంది. అక్కడ పదిమంది నోట విన్నది కాబట్టి ఇదే పిల్ల కన్నడ టీచరుతో ‘బన్ని, కూత్కొళ్ళి’ (రండి, కూర్చోండి) అని చక్కగా అంటుంది. పరభాషలో మర్యాదస్తురాలైన పిల్ల సొంత భాషలో మొరటుగా వినిపించడానికి కారణం పెంపకం కాదు, వినికిడి.

రాయలసీమలో, తెలంగాణలో పెద్దలను నువ్వు అనడం మామూలేననీ, మీరు అన్నది ఒక ప్రాంతపు, కొన్ని కులాల అలవాటును అందరికీ రుద్దడమేననీ కొందరంటారు. ఆ మాటలో బలముంది. కానీ అక్కడి పిల్లలకు ఎవరిని నువ్వు అనవచ్చో, ఎవరిని అనకూడదో తెలుసు. ఇక్కడి పిల్లలకు ఉన్నది ఎంపిక కాదు, ఒకే ఒక్క రూపం.

అలాగని పాతకాలం గొప్పదని నేననడం లేదు. ఆసామి ఇంటి పిల్లవాడు అరవై ఏళ్ల పాలేరును ‘ఒరేయ్’ అని పిలిచిన కాలమది. నేటి బెంగళూరులో ఆ ఒరేయ్ ‘వాచ్‌మన్, గేటు తియ్’ అన్న రూపంలో బతికే ఉంది. అతిథికి మీరు నేర్పాలని తపించే తల్లిదండ్రులే వంట చేసే పెద్దావిడను పేరు పెట్టి, నువ్వు అని పిలుస్తున్నప్పుడు, పిల్లలు గ్రహించేది మర్యాద జీతాన్ని బట్టి ఉంటుందని. అలా నేర్చిన ‘మీరు’ కంటే అందరికీ ఒకటే ‘నువ్వు’ నయం.

2011 జనాభా లెక్కల ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 35 లక్షలకు పైమాటే. కన్నడం, ఉర్దూ తర్వాత స్థానం మనదే. అంతమంది ఉండీ పిల్లలకు తెలుగు రావడం లేదన్న బాధకు మనం కనిపెట్టిన మందు ఆదివారం తరగతి. గుణింతాలు దిద్దించి, వేమన పద్యం అప్పజెప్పించి పంపిస్తాం. పద్యం వచ్చిన పిల్ల ఇంటికొచ్చి మళ్లీ అంకుల్‌ను రా, కూర్చో అనే అంటుంది, ఎందుకంటే పద్యంలో సంభాషణ లేదు. అక్షరాలు పదో ఏట నేర్చినా వస్తాయి, మాట తీరు అంతకాలం ఆగదు. తరగతికి కట్టే రుసుము కంటే ముందు కావలసింది పెద్దలు పిల్లల ఎదుట పెద్దలతో తెలుగులో మాట్లాడటం. వంటావిడ తెలుగువారైతే “వచ్చారా, టీ తాగారా” అని ఆవిడతోనే మొదలుపెట్టవచ్చు, రోజూ ఉదయాన్నే ఇంటికి వచ్చే పెద్దలు ఆవిడే కదా.