విదేశీ హస్తం గారికి, బెజవాడ నుంచి

అయ్యా, విదేశీ హస్తం గారూ,

నమస్కారం. తిరిగి మీరు పెట్టలేరని తెలుసు, దానికి రెండు చేతులు కావాలి. ఎంత పెద్ద కుట్ర చేసినా మా వాళ్ళు మిమ్మల్ని ఏకవచనంలోనే అంటారు. నేను మాత్రం బడిపంతుల్ని కాబట్టి గారూ అంటున్నాను.

ముందే ఒక మాట. మా వైపు హస్తం అంటే ఓ పార్టీ గుర్తు. ఈ ఉత్తరం వాళ్ళకి కాదు. ఇందిరాగాంధీ కాలం నుంచీ సమ్మె జరిగినా, ఉద్యమం లేచినా, ఎన్నికల ఫలితం తిరగబడినా ఉపన్యాసాల్లో వినబడే మీకే. ఓడినవాళ్ళు మిమ్మల్ని తలుచుకుంటారు, గెలిచినవాళ్ళు ప్రజాతీర్పు అంటారు. అయిదేళ్ళ తర్వాత డైలాగులు మార్చుకుంటారు. మీరు మాత్రం అక్కడే ఉంటారు, పాపం.

నేను సత్యనారాయణపురంలో ఉంటాను. రిటైరయ్యాను. సర్వీసులో ఉండగా ఎన్నికల డ్యూటీలు చాలా చేశాను. 2019 ఏప్రిల్ 11న ప్రిసైడింగ్ ఆఫీసర్ని. ముందు రాత్రి మునిసిపల్ స్కూల్లో రెండు బెంచీలు కలిపి పడుకున్నాం. దోమలకు ఓటర్ల జాబితాలో పేరుండక్కర్లేదు కదా, నియోజకవర్గం మొత్తం నుంచీ వచ్చాయి.

అక్కడ మీకు ఎక్కడ సందు దొరుకుతుందో కాస్త చెప్పండి. అసలు పోలింగ్‌కి ముందు ఏజెంట్ల ఎదురుగా కనీసం 50 ఉత్తుత్తి ఓట్లు వేయించాలి. లెక్క సరిపోవాలి. ఆ తర్వాత క్లోజ్, రిజల్ట్, క్లియర్, ఈ మూడు మీటలూ ఈ వరసలోనే నొక్కాలి. ఆ క్లియర్ మర్చిపోయిన పంతులు మీరు వందేళ్ళు కష్టపడినా చెయ్యలేనంత నష్టం చేస్తాడు. ఎవరికి ఓటు పడిందో ఓటరుకి చీటీ మీద చూపించే వీవీప్యాట్‌లో పడిన ఉత్తుత్తి చీటీలన్నీ తీసి, ముద్ర కొట్టి, నల్ల కవర్లో పెట్టి సీలు వెయ్యాలి. మిషను మీద ఆకుపచ్చ కాగితం సీలు, దాని మీద ఏజెంట్ల సంతకాలు. అసెంబ్లీకో మిషను, పార్లమెంటుకో మిషను కాబట్టి ఈ తతంగమంతా రెండు సార్లు.

సంతకాల దగ్గర ఒక ఏజెంటు కాగితాన్ని ముఖానికి దగ్గరగా, దూరంగా పెట్టి చూస్తున్నాడు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాట్ట. అవతలి పార్టీ ఏజెంటు తన జోడు తీసి ఇచ్చాడు. ఆ పార్టీ అద్దాల్లోంచి చూసి ఈ పార్టీ వాడు సీలు నంబరు చదివి రాసుకున్నాడు! మధ్యాహ్నం పులిహోర కూడా పక్కపక్కనే కూర్చుని తిన్నారు. అయినా ఒకడు బయటికి లేస్తే చాలు, రెండోవాడి చూపు మిషను మీదికి పోయేది. ఆ గదిలో కూర్చోవాలంటే అభ్యర్థి సంతకం పెట్టిన ఫారం 10 కావాలి, పైగా ఈ చుట్టుపక్కల ఓటరై ఉండాలి. మీకు ఫారం 10 ఎవరిస్తారండీ?

పోనీ బయట ప్రయత్నిద్దామంటారా? పోలింగ్‌కి 48 గంటల ముందు మైకులు ఆగిపోతాయి. అప్పుడు మా కుర్రాళ్ళు మొదలుపెడతారు. చేతిలో ఓటర్ల లిస్టు, పేరు పక్కన టిక్కు. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లు, ఎవరు హైదరాబాద్ నుంచి బస్సెక్కారు, ఏ ముసలమ్మ పోయిన నెల పోయింది, అన్నీ నోటికొచ్చు. డబ్బు కవరు రాని ఇంటివాళ్ళు వెతుక్కుంటూ వచ్చి మరీ అడుగుతారు. పోటీలో రెండు వైపులా ఇదే ఏర్పాటు. మా డోర్ నంబర్లలో గీత కింద గీత, గీత పక్కన గీత ఉంటాయి, కొరియర్ వాడికే అర్థం కావు. మీరెక్కడ నెగ్గుకొస్తారు?

మా ఇంట్లో మాత్రం విదేశీ జోక్యం ఉందని ఒప్పుకుంటున్నాను. మా మేనల్లుడు డల్లాస్‌లో ఉంటాడు. ఆదివారం పొద్దున్నే వీడియో కాల్‌లో వాళ్ళమ్మకి ఎవరికి వెయ్యాలో చెబుతాడు, ఆవిడ ఊఁ కొడుతూ గోంగూర ఒలుస్తుంది. వాడికి భారత పాస్‌పోర్టు ఉన్నన్నాళ్ళూ ఇక్కడ ఓటరుగా నమోదయ్యే వీలుండేది, ప్రవాసుల కోసం 2010లో చట్టం మార్చారు. కాకపోతే పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా బూత్‌కి రావాలి. టికెట్టు రేటు చూసి వాడి దేశభక్తి ఆగిపోయింది. ఇప్పుడు అమెరికా పౌరసత్వం వచ్చింది. ఇక ఇక్కడి అభ్యర్థికి వాడు వంద డాలర్లిస్తే అది విదేశీ విరాళం. చట్టం ఒప్పుకోదు. బానే ఉంది, ఒప్పుకోకూడదు కూడా.

అసలు మిమ్మల్ని అడగాలనుకున్నది ఇక్కడే ఉంది. లండన్‌లో పెద్ద ఆఫీసున్న ఓ సంస్థ తాలూకు ఇక్కడి కంపెనీలు మన రెండు పెద్ద జాతీయ పార్టీలకూ విరాళాలిచ్చాయి. ఇద్దరూ విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించారని 2014లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. శిక్ష పడాలి కదా? 2016 ఫైనాన్స్ చట్టంలో విదేశీ అన్న మాటకు అర్థమే మార్చారు. విదేశీ పెట్టుబడి ఆ రంగానికున్న పరిమితి దాటకపోతే, ఇక్కడి ఆ కంపెనీ విదేశీది కాదట. ఆ మార్పు 2010 నుంచి వర్తిస్తుందన్నారు. తీరా చూస్తే కోర్టు తప్పుపట్టిన విరాళాలు అంతకు ముందువి. అందుకని 2018లో తేదీని ఇంకా వెనక్కి జరిపారు, 1976 ఆగస్టు 5కి. మా బడిలో కాపీ కొడుతూ దొరికిన పిల్లాణ్ణి వదిలెయ్యడానికి, నలభై రెండేళ్ళ కిందటి నుంచీ కాపీ తప్పు కాదని హెడ్మాస్టరు నోటీసు అంటించినట్టన్నమాట. ఏ విషయంలోనూ పొసగని రెండు పార్టీలకూ ఒకే దెబ్బకి ఊరట.

ఆ 2018 బిల్లు లోక్‌సభలో చర్చ లేకుండానే గట్టెక్కింది. ఆ రోజుల్లో మా ఎంపీలు ప్రత్యేక హోదా ప్లకార్డులు పట్టుకుని స్పీకరు ముందు వెల్‌లో నిలబడి ఉన్నారు. హోదా రాలేదు. మీ పని మాత్రం అయిపోయింది.

పేరు బయటపడకుండా పార్టీలకు డబ్బిచ్చే ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది, డబ్బు ఎవరిస్తున్నారో ఓటరుకి తెలియాలంది. సంతోషం. అది బాండ్ల తీర్పు, 1976 దాకా జరిపిన ఆ తేదీ జోలికి పోలేదు. సత్యనారాయణపురంలో పుట్టి, మా స్కూల్లోనే నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాడి వంద డాలర్లు విదేశీ, ఆ కంపెనీల కోట్లు స్వదేశీ. లెక్కల మాస్టర్నైనా ఇది నాకు కుదరడం లేదు. మీకేమైనా కుదిరిందా?

అయినా ఒకసారి రండి. దొడ్డి దారిలో కాదు, మామూలుగా. 2024 మే 13న మా బూత్‌లో క్యూ బడి గేటు దాటింది, ఎండకి చెట్టు నీడ కూడా కాలిపోతోంది. వేళ్ళకి పూసే సిరా మైసూరు నుంచి వస్తుంది, 1962 నుంచీ అదే. ఆ కంపెనీ పాతిక దేశాలకి పైగా ఎగుమతి కూడా చేస్తుందట. మీ వేలికి కూడా ఎక్కడో మా సిరానే పూసుంటారు, ఓసారి గోరు చూసుకోండి.

ఉత్తరం ఇక్కడ ఆపుతున్నాను, ఫోన్ మోగుతోంది. డల్లాస్.

"మావయ్యా, మొన్న నువ్వు ఎవరికేశావో చెప్పనేలేదు!"

"ఏడు సెకన్లే కనబడిందిరా చీటీ. మర్చిపోయాను."

ఇట్లు,
ఓ బెజవాడ ఓటరు