మోకాల్లోంచి కడుపులోకి

నాకు మెదడు మోకాల్లో ఉందని మా ఇంటామె ముప్పై ఏళ్లుగా అంటోంది. ఇప్పుడు సైంటిస్టులు దాన్ని మూరెడు పైకి జరిపి కడుపుకు తెచ్చారు. ప్రమోషనే కదా అని సంతోషించాను.

విషయం సీరియస్. మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా కాపురం ఉంటోంది, ఎక్కువగా పెద్దపేగులో. అద్దె లేదు, అడ్వాన్సు లేదు. అంతా కలిపి తూకం వేస్తే పావుకిలో తూగదు. కానీ మెదడుతో డైరెక్ట్ పరిచయం. పేగుల్ని మెదడుతో కలిపే వేగస్ నాడి ద్వారా, రక్తం ద్వారా పైకి కబుర్లు వెళ్తుంటాయి. మెదడులో జ్ఞాపకాల కొట్టయిన హిప్పోక్యాంపస్ ముసలితనంలో మన చెరువుల శిఖం భూమిలా ఏటా ఒకటి రెండు శాతం తగ్గిపోతుంది. ఆ కబ్జాలో కడుపులోవాళ్ల చెయ్యి ఉందా అని విచారణ నడుస్తోంది. సంబంధం ఉన్నట్టే కనిపిస్తోంది గానీ, కోడి కూస్తే తెల్లారిందా, తెల్లారితే కోడి కూసిందా అన్నది తేలలేదు. మెదడు మందగించినవాడు తిండి సరిగా తినక కడుపు పాడుచేసుకుని ఉండొచ్చు కూడా.

వరంగల్ భద్రకాళి బండ్ మీద పొద్దున నడిచే మా పెన్షనర్లు మాత్రం తీర్పు దాకా ఆగలేదు. నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ మరిచిపోయిన సారు, మనవరాలిని చెల్లెలి పేరుతో పిలిచిన సారు, అందరూ నిర్దోషులే. తప్పంతా కిందివాళ్లదే. జీవితమంతా ఆఫీసుల్లో పనిచేసినవాళ్లం, తప్పు కిందివాళ్ల మీదికి తోయడం మాకు కొత్తా?

మా అబ్బాయి బెంగళూరు నుంచి ప్రొబయాటిక్ గోళీలు పంపాడు. డబ్బా మీద బ్యాక్టీరియా లెక్క కోట్లలో ఉంది. ఇంటామె అది చదివించుకుని, వంటింట్లోంచి నిన్నటి సల్ల గిన్నె తెచ్చి మూత తీసింది. "వీటిని గూడ లెక్కవెట్టుండ్రి" అంది.

2012లో ఐర్లాండులో 178 మంది పెద్దవాళ్ల కడుపుల్ని పరీక్షించారు. వృద్ధాశ్రమాల్లో ఉండేవాళ్లకంటే ఇళ్లలో ఉండి రకరకాలుగా తినేవాళ్లలో బ్యాక్టీరియా రకాలు ఎక్కువగా దొరికాయి. పీచు అందితే ఈ బ్యాక్టీరియా బ్యూటిరేట్ అనే ఆమ్లం తయారుచేస్తాయి, దాంతో పేగు గోడ గట్టిగా ఉంటుంది. సల్ల గిన్నె చూశాక నాకు ఇదంతా గుర్తొచ్చింది. బండ్ కాడి మిర్చి బజ్జీల సంగతి ఇంట్లో ఎత్తలేదు.

రాత్రికి జొన్న గట్క, పుల్లటి సల్ల, మామిడి తొక్కు. రెండోసారి వడ్డిస్తూ అడిగింది: "పొద్దున కూరగాయలకు స్కూటర్ మీద పోయిన్రు గద, ఆటోల ఎందుకొచ్చిన్రు?"

కడుపు వైపు వేలు చూపించాను. స్కూటర్ ఇంకా మార్కెట్ దగ్గరే ఉంది.