సవరణ: యువత సగటు చదువు సంవత్సరాల అంచనాలపై

20–24 ఏళ్ల యువత సగటున ఎన్నేళ్లు చదువుకుని ఉంటారో 2100 వరకు అంచనా వేసి గత టపాలో ఒక రేఖగా చూపాను. ఆ రేఖను జోస్యంగా తీసుకోరాదు. బడుల్లో చేరికలు ఇప్పటిదాకా సాగిన తీరులోనే పెరుగుతాయన్న ఒక్క ఊహపై అది ఆధారపడింది. చేరికల రేటు ఉన్నచోటే నిలిచిపోతుందనుకుంటే అదే లెక్క అంతకంటే తక్కువ వద్ద ఆగిపోతుంది. దేశాల ఆరోగ్యం, చదువు, ఆదాయాలను కలిపి కొలిచే ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి సూచికలోని సగటు చదువు సంవత్సరాలతో ఈ యువత సగటును పోల్చడమూ సరికాదు. సూచికలోని సగటు 25 ఏళ్లు, ఆపై వయసు వారందరికీ సంబంధించినది కనుక, చిన్నప్పుడు బడి ముఖమే చూడని వృద్ధ తరాలు దాన్ని ఎంతోకాలం కిందికి లాగుతూ ఉంటాయి. 20–24 ఏళ్లవారి సగటు బడుల్లోని మార్పును ముందుగానే పట్టిస్తుంది, కానీ వారిలో కొందరు ఇంకా చదువుతూనే ఉంటారు కాబట్టి అసలు కంటే కాస్త తక్కువ చూపుతుంది. ఇక బడిలో గడిపిన ఏళ్లు నేర్చుకున్నదాన్ని కొలవవు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పరిమితి ఇదే.