సైకాలజీ బిట్‌బ్యాంకు గారికి శ్రీకాకుళం నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ సైకాలజీ బిట్‌బ్యాంకు గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. మీరూ ఏడురోడ్ల కూడలి దగ్గర, టీచరు పరీక్షల పుస్తకాల మధ్య, కొత్త అట్ట తొడుక్కుని క్షేమంగానే ఉన్నారు. ఆ అట్ట మీద ఎర్రక్షరాలతో "సమగ్ర వివరణలతో" అని మాటిచ్చారు. ఆ మాట నమ్మి ఆదివారం మధ్యాహ్నం మొత్తం మీకు సమర్పించుకున్నాక తేలిందేమిటంటే, వివరణ అంటే మీ దృష్టిలో జవాబునే ఇంకోసారి లావు అక్షరాల్లో అచ్చెయ్యడం.

మనసును ప్రయోగాలతో చదివిన వుంట్ 1879లో లీప్‌జిగ్‌లో ప్రయోగశాల పెట్టాడని మొదటి పేజీలో చెప్పారు. నాలుగో పేజీలో మళ్లీ చెప్పారు. మాదిరి ప్రశ్నపత్రంలో ఇంకోమారు చెప్పారు. అక్కడ ఏం చేసేవారో మాత్రం ఎక్కడా చెప్పలేదు. మెట్రోనోమ్ టిక్కుటిక్కుమంటుంటే వింటున్నవాడికి లోపల ఏమనిపిస్తోందో వాడి నోటితోనే చెప్పించేవారండీ. దాన్నే అంతఃపరిశీలన అంటారు. ఒక్క వాక్యం, అంత లావు పుస్తకంలో దానికి చోటు చాల్లేదు.

మనిషి అవసరాలను మెట్లుగా చూపే మాస్లో పిరమిడ్‌ను రంగుల్లో వేశారు, చూడముచ్చటగా ఉంది. 1943 వ్యాసంలో ఆయన అవసరాల వరస చెప్పాడే గాని పిరమిడ్ గీయలేదు. "మాస్లో గీసిన చిత్రం" అని కింద రాసిందెవరో అడగను. ప్రజ్ఞాలబ్ధిని, అంటే ఐక్యూని, బినే ఖాతాలో వేశారు. మానసిక వయసును అసలు వయసుతో భాగించమన్నది 1912లో స్టెర్న్. ఇదీ అడగను. మీరు పెద్దలు.

అడిగేది ఒక్కటే. జవాబులు ఎక్కడ పెట్టారు?

ప్రతి బిట్టు కిందే, వేలెడు ఎడమైనా లేకుండా, "జ: 3". ప్రశ్న సగం చదివేలోపే కన్ను కిందికి జారుతుంది. "ఆఁ, కోహ్లరే, ఇది నాకొచ్చు" అనుకుని మనిషి తరవాతి బిట్టుకి వెళ్లిపోతాడు. వాడికి రాదు. చూసిన ముఖం కాబట్టి పోల్చుకున్నాడు, అంతే. స్మృతి అధ్యాయంలో మీరే రాశారు కదా, చూడకుండా గుర్తు తెచ్చుకునే పునఃస్మరణ వేరు, చూసి పోల్చుకునే గుర్తింపు వేరు అని. ఆ వాక్యం కింద కూడా "జ: 2" అని జవాబు పెట్టుకున్నారు చూడండి, అక్కడ నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగం ఒకటుంది. ఒక జట్టు పాఠాన్ని నాలుగుసార్లు చదివింది. ఇంకో జట్టు ఒక్కసారి చదివి, పాఠం మూసి, మూడుసార్లు గుర్తున్నదంతా రాసింది. ఐదు నిమిషాల తరవాత పరీక్ష పెడితే చదివినవాళ్లకు 83 శాతం, రాసినవాళ్లకు 71. వారం తరవాత పెడితే చదివినవాళ్లకు 40, రాసినవాళ్లకు 61. ఇంకో సంగతి కూడా ఉంది. "మాకు బాగా గుర్తుంటుంది" అని ఎక్కువ ధీమాగా చెప్పింది చదివిన జట్టే. మీ వ్యాపారమంతా ఆ ధీమా మీదే నడుస్తోంది. చదివి మూసిన ఐదు నిమిషాలకు మీరు దేవుడిలా కనిపిస్తారు. పరీక్ష మాత్రం ఐదు నిమిషాలకి పెట్టరు కదా.

"పరీక్షలోనూ నాలుగు ఆప్షన్లు ఉంటాయి, గుర్తుపడితే చాలదా" అంటారేమో. చాలదు. పేపరు తయారుచేసేవాడు నాలుగు ఆప్షన్లనూ మీలోంచే ఏరుకొస్తాడు. నాలుగూ తెలిసిన ముఖాలే అయినప్పుడు గుర్తింపు ఎందుకూ కొరగాదు. పైగా పిల్లల ఆలోచన ఎదుగుదలకు పియాజె చెప్పిన దశల వయసులు ఎప్పుడూ నేరుగానే అడగరు. "కింద పడిన సైకిలుకి నొప్పి పుడుతుందని పిల్ల ఏడ్చింది" అని ఇస్తారు. అది సర్వాత్మవాదం, ప్రాణం లేనివాటికీ ప్రాణముందనుకోవడం. "సన్నటి పొడుగు గ్లాసులో పోస్తే నీళ్లు ఎక్కువయ్యాయంది" అని ఇస్తారు. అది పదిలపరచుకునే భావన లోపం, గ్లాసు మారినా నీళ్లు అంతే ఉంటాయని తెలియకపోవడం. రెండూ పూర్వప్రచాలక దశవే, 2 నుంచి 7 ఏళ్ల మధ్యవి. మీ దగ్గర వయసులున్నాయి, దశల పేర్లున్నాయి, వాటిని గుర్తుపెట్టుకోవడానికి అర్థంపర్థం లేని ఒక కోడూ ఉంది. సైకిలూ లేదు, గ్లాసూ లేదు.

ఆ కో-కారపు పేజీ సంగతి కూడా మనవి చేసుకోవాలి. కోహ్లర్, కోఫ్కా, కోల్‌బర్గ్ ముగ్గుర్నీ ఒకే వరసలో కూర్చోబెట్టారు. టెనెరిఫ్ దీవిలో సుల్తాన్ అనే చింపాంజీ కర్రకు కర్ర తగిలించి పండు లాక్కుంటుంటే చూసి, దారి చటుక్కున తట్టే అంతర్దృష్టి గురించి రాసినవాడు మొదటాయన. రెండో ఆయన అదే గెస్టాల్ట్ వర్గం మనిషి, దేన్నైనా ముక్కలుగా కాక మొత్తంగా చూడాలనే వర్గం. మూడో ఆయనకీ కోతులకీ సంబంధం లేదు, నైతిక వికాసాన్ని 3 స్థాయిలు, 6 దశలుగా విడగొట్టాడు. ఒకేలాంటివి పక్కపక్కన పెడితే మంచిదే, తేడా ఏమిటో చెప్పినప్పుడు. చెప్పకపోతే ముందు చదివింది తరవాతదాన్ని అడ్డుకుంటుంది, తరవాత చదివింది ముందుదాన్ని చెరిపేస్తుంది. మొదటిది పురోగమన అవరోధం, రెండోది తిరోగమన అవరోధం. మీ తరవాతి పేజీలోనే ఉన్నాయి, చూసుకోండి.

ఇంతవరకూ మర్యాదగానే రాశాను. ఇప్పుడు శిక్ష దగ్గరికి వద్దాం.

"బెత్తంతో కొట్టడం ఏ రకమైనది? జ: రుణాత్మక పునర్బలనం." ఏటి బావూ ఇది? నిన్ను పట్టుకుని చదివేవాళ్లలో సగంమంది రేపు పలాస నుంచి పాలకొండ దాకా బళ్లలో టీచర్లవుతారు. పునర్బలనం ఏదైనా సరే, దానివల్ల ప్రవర్తన పెరగాలి. ముందు అడగాల్సింది పెరిగిందా తగ్గిందా అని. తగ్గితే శిక్ష, ఇక పునర్బలనం మాటే ఎత్తకు. ఆ తరవాత అడగాల్సింది ఏదైనా ఇచ్చారా, ఉన్నది తీశారా అని. లెక్క సరిగ్గా చేస్తే భేష్ అనడం, అందుకు పిల్లాడు ఇంకా లెక్కలు చెయ్యడం ధనాత్మక పునర్బలనం. వారమంతా ఇంటిపని చేస్తే శనివారం ఇంటిపని ఎత్తెయ్యడం, అందుకని వాడు వారం వారం చెయ్యడం రుణాత్మకం. కొడితే అల్లరి తగ్గడం శిక్ష. ఆటల పీరియడ్ పీకేస్తే అల్లరి తగ్గడమూ శిక్షే.

నీ బెత్తం ప్రశ్నలో రుణాత్మక పునర్బలనం నిజంగానే ఉంది, నువ్వు వెతికింది తప్పు మనిషి దగ్గర. బెత్తం ఎత్తగానే క్లాసు గోల ఆగిపోతుంది. గోల పోవడం మాస్టారికి హాయి. రేపు ఇంకాస్త ముందే బెత్తం ఎత్తుతాడు. బలపడింది మాస్టారి చెయ్యి. ఈ ఒక్క వివరణ రాసి ఉంటే నీ అట్ట మీది మాట సగం నిలబడేది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనీ మానసిక వేధింపునీ నిషేధించిందని మూడు అధ్యాయాల తరవాత నువ్వే రాశావు. నీలో ఒక పేజీ ఇంకో పేజీని చదవదా? పునర్బలనం గురించి రాసిన స్కిన్నర్ కూడా 1938లో "రుణాత్మక పునర్బలనం" అనే మాటను శిక్షకు దగ్గరి అర్థంలోనే వాడాడు, 1953 నాటికి మార్చుకున్నాడు. నీకు ఇప్పటికీ తీరిక దొరకలేదు.

నిన్ను అవతల పారేద్దామంటే మనసొప్పదు, అదీ ఏడుపు. బట్టీకి అలవాటు పడినవాళ్ల చేతిలో ఇన్ని ప్రశ్నలు ఒక్కచోట పెట్టింది నువ్వొక్కడివే. జ్ఞాపకానికి కావాల్సింది ప్రశ్నలే. అందుకని నిన్ను చదివేవాళ్లకి నీ తరఫున నేనే చెబుతున్నాను. తెల్లకాగితం అడ్డంగా మడిచి ప్రశ్న కిందినుంచి ఆప్షన్లతో సహా కప్పండి. జవాబు పైకి అనండి, లేదా రాయండి. అప్పుడు ఆప్షన్లు, ఆ తరవాతే "జ". సరైనది పెడితే సరిపోదు, మిగతా మూడూ ఎందుకు కాదో ఒక్కో ముక్క చెప్పాలి. చెప్పలేని బిట్టుకి తేదీ వెయ్యండి. మరపును కొలిచిన ఎబ్బింగ్‌హాస్ 1885 లెక్కలో 20 నిమిషాలకు 58 శాతం, ఒక రోజుకు 34, 31 రోజులకు 21. అవి ఈ బిట్‌బ్యాంకు రాసినట్టు "గుర్తున్న శాతం" కాదు, మళ్లీ నేర్చుకునేటప్పుడు ఎంత పని ఆదా అయిందో చెప్పే పొదుపు. జారుడు మొదట్లోనే నిటారుగా ఉంది కాబట్టి తేదీ వేసినవి మర్నాడే చూడండి, ఆపైన ఎడం పెంచుతూ పోండి. సరిగ్గా వచ్చినవాటినీ వారానికోసారి అడగండి. పరీక్ష పదిరోజుల్లో ఉంటే ఒకట్రెండు రోజుల ఎడం చాలు. ముందురోజు రాత్రి కూర్చుని వెయ్యి బిట్లు తిప్పేసేవాళ్లకి ఎడం ఎక్కడినుంచి తెస్తాం?

వచ్చే ఎడిషన్లో జవాబులన్నీ ఆఖరి పేజీలకు పంపించండి. అది చెయ్యలేకపోతే అట్ట మీద ఎర్రక్షరాలు చెరిపించండి.

ఇట్లు,
పెన్సిలు గీతలతో మీ ఒళ్లంతా పాడుచేసిన
శ్రీకాకుళం పాఠకులు

తా.క.: పావ్‌లోవ్‌కి 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. అలవాటుతో కుక్కకు నోరూరే నిబంధనానికి కాదు. దాని కింద కూడా "జ: 1" అని ఉంది.