ఎస్టిమేట్‌లో రాయని లెక్క
పర్యావరణానికి మేలు చేసే సరుకు కొంటే ప్రభుత్వానికి ఖర్చు పెరుగుతుందన్న మాట నేను ఒప్పుకోను. కందుకూరు దగ్గర మా ఊళ్లో తక్కువ రేటు టెండరుకు వేసిన వీధిలైట్లు మొదటి వానలకే సగం ఆరిపోయాయి. విప్పి చూస్తే లోపల నీళ్లు, చచ్చిన పురుగులు. మళ్లీ నిచ్చెన, మళ్లీ బిల్లు. ఎల్‌1, అంటే అందరికన్నా తక్కువ రేటు వేసిన టెండరు, ఒక్కటే చూసేవాళ్లకు ఆ రెండో బిల్లు కనపడదు. ఇటుకలూ అంతే. కృష్ణపట్నంలో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, బొగ్గు కాల్చగా మిగిలే బూడిదకు కొదవ లేదు. అలాంటి కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు కట్టే భవనాలకు, ధర మామూలు ఇటుకతో సమానంగానో తక్కువగానో ఉంటే, ఆ బూడిదతో చేసిన ఇటుకలే వాడాలని కేంద్రం 2021 నోటిఫికేషన్‌లో ఉంది. మా ఊరి బడి ప్రహరీకి మాత్రం చేలల్లో పైమట్టి తవ్వి కాల్చిన ఎర్ర ఇటుకే దిగింది. అదేమని అడిగితే కాంట్రాక్టరు, "ఎస్టిమేట్‌లో అదే ఉందన్నా" అన్నాడు.