పాత బుక్స్ అమ్ముతున్న అన్నలకీ అక్కలకీ: రెగ్యులేషన్ రాయండి ముందు

సెమ్ ఎగ్జామ్స్ అయిపోయాయంటే చాలు, మా విజయనగరం వాట్సాప్ గ్రూపులూ ఓఎల్ఎక్సూ పాత పుస్తకాలతో నిండిపోతాయి. మంచం మీద వరసగా పేర్చి తీసిన ఒక ఫోటో, కింద "బీటెక్ బుక్స్, గుడ్ కండిషన్, హాఫ్ రేట్". అంతే. ఏ బ్రాంచి, ఏ ఎడిషన్, ఏ రెగ్యులేషన్ (అంటే యూనివర్సిటీ ఏ ఏడాది మార్చిన సిలబస్), ఏటీ ఉండదు. అడిగితే "అన్నీ సేమే బ్రో" అంటాడు. ఏటి సేమ్? 2020లో జాయినైనవాళ్ళతో మొదలైన ఆర్20 సిలబస్సూ, 2023లో జాయినైనవాళ్ళ ఆర్23 సిలబస్సూ ఒకటేనా? సబ్జెక్ట్ పేరు అదే ఉన్నా లోపల యూనిట్లు మారిపోతాయి కదా.

పెద్ద రైటర్లు రాసిన లావుపాటి మ్యాథ్స్, ఫిజిక్స్ పుస్తకాలైతే ఎన్నేళ్ళైనా పనికొస్తాయి, వాటితో నాకు పేచీ లేదు. "యూనివర్సిటీ సిలబస్ ప్రకారం" అని అట్ట మీద వేసుకుని వచ్చే లోకల్ బుక్కులూ, ఆల్ ఇన్ వన్‌లూ ఉన్నాయి చూడండి, రెగ్యులేషన్ మారాక వాటికి తూకం రేటే ఎక్కువ. అలాంటిది చీపురుపల్లి నుంచో బొబ్బిలి నుంచో బస్సెక్కి వచ్చిన ఫస్టియర్ పిల్లోడికి సగం రేటుకి అంటగడితే దాన్ని మోసం అనక ఇంకేటంటారు? ఇంటర్ వాళ్ళూ అంతే, 2025-26 నుంచి ఫస్టియర్‌కి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది, మ్యాథ్స్ ఏ, బీ కలిపి ఒకే పేపర్ చేశారు, ఇంకా "1ఏ 1బీ ఫుల్ సెట్" అని పెడుతున్నారు, సిగ్గుండాలి.

"గుడ్ కండిషన్" సంగతి కూడా చెప్తా. మొన్న మా తమ్ముడి కోసం ఒకటి తిరగేశా, మొదటి రెండు యూనిట్లూ పచ్చ హైలైటర్‌తో పొలంలా ఉన్నాయి, పక్కన పెన్సిల్‌తో మూడేసి స్టార్లు, ఐదో యూనిట్‌కి వచ్చేసరికి పేజీలు ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి, విడదీసింది మేమే. గుడ్ కండిషనే మరి, కాదనలేం.

కొనేవాళ్ళు మాత్రం తక్కువా? రెండొందలకి పెడితే "లాస్ట్ ఎంత, ఎనభైకిస్తావా, డెలివరీ నువ్వే పెట్టుకో". సరే అని గంటస్తంభం దగ్గరికి వెళ్తే ఫోన్ స్విచాఫ్. ఇంకో రకం ఉన్నారు, బేరమే ఆడరు, "ఆర్మీలో ఉన్నా, క్యూఆర్ పంపిస్తా, స్కాన్ చేస్తే డబ్బులు పడతాయి" అంటారు. బాబూ, డబ్బులు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, పిన్ అడిగిందంటే పోయేది మీ డబ్బులే. పోతే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.

వేరే ఊరికి పంపాలంటే కొరియర్ వాడు పుస్తకం రేటే అడుగుతున్నాడని ఏడవకండి, పోస్టాఫీసులో 2025 మే 1 నుంచి చదువుకునే పుస్తకాలు తక్కువ రేటుకి పంపే జ్ఞాన్ పోస్ట్ ఉంది, 300 గ్రాములకి 20 రూపాయలు, 5 కేజీలైతే 100, పైన ట్యాక్స్. రోడ్డు మీద వెళ్తుంది కాబట్టి కాస్త లేటవుతుంది, ట్రాకింగ్ మాత్రం ఉంటుంది.

ఇక నా దగ్గరున్నవి ఈసీఈ, ఆర్20, మూడో ఏడాదివి, కొత్త బ్యాచ్ వాళ్ళు కొనొద్దు. సప్లీలు (ఫెయిలై మళ్ళీ రాయాల్సిన పేపర్లు) మిగిలున్న ఆర్20 వాళ్ళకి పనికొస్తాయి, మెసేజ్ పెట్టండి, కోట జంక్షన్ దగ్గర ఇస్తా. రేటు ఫిక్స్, "లాస్ట్ ఎంత" అంటే బ్లాకే.